పది గుండీల చొక్కా

సాల్మియాలో మా లాండ్రీకి శుక్రవారమే గిరాకీ.
సిటీలో తెలుగు పూజ మొదలయ్యే వేళకి
నా ముందు నూట పది చొక్కాలు.
ఆవిరి ఇస్త్రీ బుస్సుమంటుంది.
అదే గంట, అదే ధూపం అనుకుంటాను గానీ
ధూపం వాసన వేరు, నాకు తెలుసు.

జపమాల మొన్న ఎండాకాలంలో పోయింది.
ప్యాంటు జేబులో మరిచి మిషన్లో వేశాను.
దారం తెగి పూసలన్నీ డ్రమ్ములో గలగల.
ఏడు దొరికాయి. సిలువ దొరికింది.
మిగతావి ఎవరి కోటు మడతల్లో
ఏ దేశం పోయాయో.
పోయినవి వెతికిపెట్టే అంతోనివారికి మొక్కాను.
ఈ ఊళ్ళో ఆయనకి డ్రైవర్ల తాళంచెవులతోనే
తెల్లారుతుందేమో, పలకలేదు.

పలికాడనే ఇప్పుడనిపిస్తుంది.
ఆ వారమే కదా చూశాను:
చొక్కాకి ముందు ఏడు గుండీలు,
చేతులకి రెండు,
మెడ కింద ఒకటి.
ఒక్కోదాని చుట్టూ ఇస్త్రీ మొన తిప్పుతుంటే
నోరు తనంతట తాను మంగళవార్త అందుకుంది.
పది.
కాలరు తిప్పి పరలోక జపం.
అయిదు చొక్కాలకి ఒక జపమాల.

మా ఊళ్ళో ఉపదేశి శౌరయ్య తాత
పెట్రోమాక్సు కింద పునీతుల కథలు చెప్పేవాడు.
శనక్కాయలు నములుతూ వినేవాళ్ళం.
పెద్ద తెరేసమ్మ మఠానికి తల్లి అయ్యుండీ
దేవుడు వంటింట్లో గిన్నెల మధ్య తిరుగుతాడందట.
"మరి పేడ ఎత్తేటప్పుడో?" అంది మా చెల్లి శీలమ్మ.
తాత నవ్వలేదు.
"అక్కడైతే ఇంకా దగ్గరికొస్తాడే,
తట్ట నెత్తికెత్తాలి కదా" అన్నాడు.
ఆ మాట నాకు అందింది
నలభై రెండో ఏట, బాయిలర్ పక్కన.

అంతా ఇలా నున్నగా నడుస్తుందనుకోకండి.
రంజాన్ నెల, రాత్రి డ్యూటీ,
దుఃఖ దేవరహస్యాలు, మూడో చొక్కా.
ముళ్ళ కిరీటం దగ్గర కునుకు పట్టింది.
ఉలిక్కిపడి చూస్తే తెల్లచొక్కా వీపున
పడవంత గోధుమరంగు మచ్చ.
జీతంలో నాలుగు దీనార్లు కోత.

చిన్న తెరేసమ్మకీ జపంలో నిద్ర వచ్చేదట.
నిద్రపోయే పిల్లలూ కన్నవాళ్ళకి ముద్దే కదా
అని సర్దుకుందట.
అమ్మా, నీ చేతిలో ఇస్త్రీపెట్టె లేదు!
ఆ రాత్రి జపం లేదు, తగాదాయే.
ఏటి నడుమ బండి ఒరిగితే
పెద్ద తెరేసమ్మా ఇట్లాగే పేచీ పడిందని
తాత చెప్పినట్టు గుర్తు.
కోపం దిగాక లెక్క చూసుకుంటే
కువైట్ వచ్చాక దేవుడితో నేను
అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

పక్క బల్ల మీద చిట్టగాంగు జోయ్నాల్.
అతను నమాజుకి చాప పరిస్తే
అతని బల్ల మీద చొక్కాలు నేను చూస్తాను.
నా పెదాలు కదిలితే అతను రేడియో తగ్గిస్తాడు.
ఏం చదువుతున్నావని ఎన్నడూ అడగలేదు.
ఒక్కసారి మాత్రం
"అయిదూ అయ్యాయా?" అన్నాడు.

ఇవాళ ఒక చొక్కా వచ్చింది, నీలం గీతలది.
పేరు లేదు, చీటీ మీద మూడు వందల పద్దెనిమిది.
నాలుగో గుండీ ఉండాల్సిన చోట
వేలు ఆగింది, జపం ఆగింది.
గుండీలు కుట్టడం మా పని కాదు,
రేట్ల బోర్డులో లేదు.
తొడుక్కునేవాడికి గదిలో
సూది ఉందో, ఓపిక ఉందో.
సొరుగులోంచి టీ డబ్బా తీశాను:
ఏడు పూసలు, సిలువ, ఊడిన గుండీలు, సూది.
చూపు ఆనక దారం ఎక్కలేదు.
జోయ్నాల్ నాలుకతో తడిపి ఎక్కించి ఇచ్చాడు.

నాలుగు కంతలు, వెనక ముడి.
పళ్ళతో దారం తెంపి
ఆగిన చోటు నుంచి
మళ్ళీ.